లద్దాఖ్ మొక్కల వేళ్లలో వ్యామ్ (వేరు కణాల్లోకి చేరి మొక్కకు భాస్వరం అందించే శిలీంధ్రాలు) కనిపించట్లేదు, నల్ల దారాలే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మెట్టసీమ_పిల్ల:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నాన్న ముప్పై ఏళ్లుగా వేరుశనగ వేస్తున్నారు. నేను బాటనీలో పీహెచ్‌డీ రెండో ఏడు. పని మాత్రం లద్దాఖ్‌లో. అక్కడి ఎత్తయిన ఎండు నేలల్లో మొక్కల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు ఎన్ని రకాలు, పైకి వెళ్లేకొద్దీ అవి ఎలా మారతాయి అన్నది నా అంశం.

మా ఊళ్లో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడినా కరువు సీమ అనే అంటారు. లేహ్‌లో పడేది 100 మిల్లీమీటర్ల దరిదాపు. 3,500 మీటర్ల ఎత్తులో ఊరు, చుట్టూ ఇసుక, గులకరాళ్లు. మంచు కరిగిన నీళ్లు పారే చోట మాత్రం పచ్చటి బార్లీ మళ్లు. ఆ కాలువలను అక్కడ యూరా అంటారు, నీళ్ల వంతులు చూసే మనిషి ఛుర్‌పోన్. మా దగ్గర చెరువు కింద నీరుగంటి ఉన్నట్టే. మొదటి రోజు ఆ మనిషిని చూసినప్పుడే ఈ ఊరు నాకు పరాయిది కాదనిపించింది.

రెండు వేసవులు వెళ్లాను, రెండుసార్లూ జూలై నెలాఖరులోనే. లోయలో బార్లీ మళ్ల నుంచి, వాటి గట్ల మీద కంచెగా పెంచే సీబక్‌థార్న్ నుంచి వేళ్లు తీశాను. 4,200 మీటర్ల దగ్గర వాలు మీద ఆర్టెమిసియా, క్రాషెనిన్నికోవియా పొదలు, ఊట పక్కన నీలం పూల జెన్షియన్. 4,700 దగ్గర నేలకు దిండులా అతుక్కుని పెరిగే మొక్కలు.

వేళ్లు తేటపడటానికి కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణంలో ఉడికించి, శిలీంధ్రం నీలంగా కనిపించేలా ట్రైపాన్ బ్లూ రంగు పట్టించి చూశాను. బార్లీలో ఇబ్బంది లేదు. చిన్న చెట్టులా కొమ్మలు విరిసిన ఆర్బస్క్యూల్స్, నూనె బొట్లతో నిండిన వెసికిల్స్, పుస్తకంలో బొమ్మ ఉన్నట్టే ఉన్నాయి. సీబక్‌థార్న్‌లోనూ ఉన్నాయి. పైకి వెళ్లేసరికి కథ మారిపోయింది. 4,200 దాటాక నీలం దాదాపు లేదు. దాని బదులు కాఫీపొడి రంగులో మందపాటి దారాలు, మధ్య మధ్య అడ్డుగోడలతో, వేరు పొడవునా కణాల సందుల్లోంచి సాగిపోతున్నాయి. ఒక్కోచోట ఒక కణం నిండా నల్లటి గుండ్రటి ముద్దలు, చిన్న డబ్బాలో ఆవాలు కుక్కినట్టు. వ్యామ్ అని రాయడానికి ఏమీ లేదు. నా నోట్‌బుక్‌లో మూడు పేజీల నిండా సున్నాలే.

మట్టిలో స్పోర్లు (శిలీంధ్రం విత్తనాల్లాంటివి) కూడా తక్కువే. 50 గ్రాముల మట్టి జల్లెడ పడితే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వస్తున్నాయి, వాటిలో సగం ఖాళీ పెంకులు. ల్యాబ్‌లో సీనియర్లు ఆ నల్ల దారాలు కంటామినేషన్, అంటే బయటి నుంచి పట్టిన బూజు అంటున్నారు. మొదటి ఏడు ఒక చోటి వేళ్లన్నీ పోగొట్టుకున్నాను కాబట్టి ఆ మాట నన్ను ఇంకా భయపెడుతోంది. దిగిన చోట ఫ్రిజ్‌లో పెట్టాం. రాత్రంతా కరెంటు లేదు, మర్నాడు రోడ్డు మూసేశారు, మూడో రోజుకు కవర్లలో వేళ్లు మెత్తబడి కుళ్లు వాసన వచ్చాయి. అన్నీ పారేయాల్సి వచ్చింది. ఆ రాత్రి చాలా ఏడ్చాను.

ఇప్పుడు సీక్వెన్సింగ్‌కి, అంటే డీఎన్ఏ చదివించి ఏ శిలీంధ్రమో తేల్చడానికి, 24 లైబ్రరీలకే (చదవడానికి సిద్ధం చేసిన డీఎన్ఏ శాంపిళ్లు) డబ్బుంది. అన్నీ మట్టి శాంపిళ్లకే పెట్టి, ఐటీఎస్ (శిలీంధ్రాలను గుర్తుపట్టడానికి చదివే డీఎన్ఏ ముక్క) ఒక్కటి చేయించెయ్ అంటున్నారు మా గైడ్. నాకేమో వేళ్లు చూడాలనుంది. ఈ డబ్బు అయిపోతే మళ్లీ రాదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ నల్ల దారాలు నిజంగా వేరులోనివేనా? మట్టా, వేరా? ఐటీఎస్ చాలా?


పాతమైక్రోస్కోపు:

అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మన సీమ గుట్టల మీద తంగేడు, రేగు, బలుసు వేళ్లు చాలా ఏళ్లు చూశాను. లద్దాఖ్ చూడలేదు, కానీ నువ్వు రాసిన దారాలు నాకు బాగా తెలిసినవే.

వాటిని డార్క్ సెప్టేట్ ఎండోఫైట్లు అంటారు, పేపర్లలో డీఎస్ఈ అని రాస్తారు. 1998లో జంపోనెన్, ట్రాప్ అనే శాస్త్రవేత్తలిద్దరూ వాటి మీద అప్పటిదాకా తెలిసిందంతా ఒకచోట చేర్చి రాశారు. అప్పటినుంచి చలి ప్రాంతాల్లో, ఎడారుల్లో, ఎత్తుకొండల మీద, వెతికిన ప్రతిచోటా కనిపిస్తూనే ఉన్నాయి. నువ్వు ఆవాలు కుక్కినట్టు అన్నావు చూడు, అవి మైక్రోస్క్లెరోషియా. పైనుంచి రాలిన బూజు కణం లోపలికి దూరి అంత పొందికగా ముద్ద కట్టదు. ఆ దారాల గోడల్లో మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం ఉంటుంది. ఎండ, ఎండుదనం, గడ్డకట్టే చలి అన్నీ ఒకేచోట ఉన్న నేలలో అలాంటి గోడ ఉన్న శిలీంధ్రం బతికిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

సీనియర్ల నోరు మూయించాలని కాదు, నీ మనసు కుదుటపడాలని ఒక పని చెప్తాను. వేరు ముక్కల్ని బ్లీచింగ్ ద్రావణంతో పైపైన శుభ్రం చేసి, స్టెరైల్ నీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగి, యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్ల మీద పెట్టు. చివరిసారి కడిగిన నీళ్లను వేరే ప్లేటు మీద పోయి. నీళ్ల ప్లేటు ఖాళీగా ఉండి, వేరు తెగిన కొసల నుంచి నల్లటి కాలనీ బయటికి వస్తే అది లోపలి మనిషే. ఇవి మెల్లగా పెరుగుతాయి. వారానికే ప్లేట్లు పారేయకు, నెలన్నరైనా ఆగు.

ఇంకో సంగతి. వేళ్లు ముదురు రంగులో ఉంటే చాలామంది కేఓహెచ్ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరుస్తారు. వ్యామ్ చూడటానికి అది మంచిదే. కానీ దాంతో ఈ దారాల గోధుమ రంగు కూడా పోతుంది. నువ్వు ఒకవేళ తెల్లబరిచి ఉంటే డీఎస్ఈని తక్కువ లెక్కపెట్టి ఉంటావు, తెల్లబరచకపోతే వ్యామ్‌ని. కాబట్టి ప్రతి మొక్క వేళ్లనీ రెండు భాగాలు చెయ్యి, ఒక భాగాన్ని తెల్లబరిచి, ఒక భాగాన్ని వదిలెయ్యి. లెక్క మెక్‌గోనిగిల్ 1990లో చెప్పిన పద్ధతిలో, మైక్రోస్కోపులో కనిపించే అడ్డగీత వేరును దాటిన ప్రతిచోటా ఏముందో రాసుకో. ఆర్బస్క్యూల్, వెసికిల్, కాయిల్, నల్ల దారం, మైక్రోస్క్లెరోషియా, దేనికి దానికి వేరే వరస ఉండాలి. నువ్వు వేసిన పట్టికలో వరస లేకపోతే కంటికి కనిపించినా చెయ్యి రాయదు.

సున్నాల గురించి. క్రాషెనిన్నికోవియా మన తోటకూర, పాలకూర కుటుంబంలోదే. ఆ కుటుంబంలో చాలా మొక్కలు వ్యామ్‌ని వేరులోకి రానివ్వవు. ఆవ కుటుంబమూ అంతే. అక్కడ సున్నా వస్తే అది నీ తప్పు కాదు, మొక్క స్వభావం. ఆ సున్నాను ధైర్యంగా పేపర్లో రాయి. కానీ జెన్షియన్‌లో సున్నా అంటే నేను ఒప్పుకోను. దాన్ని మళ్లీ చూడు. ఏం చూడాలో ఇప్పుడు చెప్పను, చూశాక నువ్వే చెప్పు.

స్పోర్ల మాటకొస్తే, జూలైలో తక్కువ ఉండటం సహజమే. అక్కడ మొక్క పచ్చగా ఉండేదే మూడు నాలుగు నెలలు. స్పోర్లు ఎక్కువగా కట్టేది సీజన్ చివర, వేరు ముదిరి ఎండేటప్పుడు. పైగా కొన్ని రకాలు స్పోర్ల మీద అంతగా ఆధారపడవు, మట్టిలోని దారాలు, పాత వేరుముక్కల నుంచే కొత్త వేరుకు పాకుతాయి. కాబట్టి స్పోర్లు తక్కువ కాబట్టి వ్యామ్ తక్కువ అని రాయొద్దు. గెర్డెమన్, నికల్సన్ 1963లో చెప్పిన తడి జల్లెడ పద్ధతే ఇప్పటికీ పనికొస్తుంది. కింది జల్లెడ మాత్రం 45 మైక్రాన్లు లేదా అంతకన్నా సన్నం ఉండాలి. నీది ఎంత? ఖాళీ పెంకు అవునో కాదో కవర్‌స్లిప్ మీద సూదితో మెల్లగా నొక్కి చూడు. బతికిన స్పోర్ పగిలితే నూనె బొట్లు బయటికి వస్తాయి.


మెట్టసీమ_పిల్ల:

సార్, చాలా థ్యాంక్స్. నా కింది జల్లెడ 100 మైక్రాన్లది. ల్యాబ్‌లో ఉన్నది అదే, నేను అడగలేదు. సన్నటి స్పోర్లన్నీ రెండేళ్లుగా సింకులోకే పోయాయన్నమాట. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. రేపే 38 మైక్రాన్లది ఆర్డర్ పెడతాను. పాత మట్టి ఇంకా కొంత మిగిలి ఉంది.

జెన్షియన్ స్లైడ్లు మళ్లీ తీస్తాను.


బాల్టిక్_తీరం:

చెల్లీ, నేను ఎస్టోనియాలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను. నా రోజంతా ఈ సీక్వెన్సులతోనే. సార్ చెప్పినవి చెయ్యి, నేను డబ్బు సంగతి చెప్తాను.

ముందు ఒక ప్రశ్న. నువ్వు ఎత్తును కొలుస్తున్నావా, మొక్కను కొలుస్తున్నావా? కింద బార్లీ, సీబక్‌థార్న్. మధ్యలో ఆర్టెమిసియా. పైన దిండు మొక్కలు. ఎత్తు మారిన ప్రతిచోటా మొక్క కూడా మారిపోయింది. పైగా కిందివాటికి కాలువ నీళ్లు, ఎరువు అందుతున్నాయి, పైవాటికి లేవు. రేపు తేడా వస్తే అది ఎత్తు వల్లా, మొక్క వల్లా, నీళ్ల వల్లా అని వైవాలో అడుగుతారు. నీ దగ్గర జవాబు ఉండదు. 24 కాదు, 240 లైబ్రరీలు చేసినా ఉండదు. నిన్ను భయపెట్టాలని కాదు, నా మొదటి పేపర్ సరిగ్గా ఇదే కారణంతో వెనక్కి వచ్చింది.

అందుకే ఒకే మొక్క రెండు ఎత్తుల్లో దొరుకుతుందేమో చూడు. ఆర్టెమిసియా లోయలో కూడా, కాలువ తడి తగలని చోట ఉండే అవకాశం ఉంది. రెండు చోట్లా అదే జాతి అని హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) చూపించి నిర్ధారించుకో, ఆ ప్రజాతిలో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం చాలా తేలిక. ఒక్కో ఎత్తులో ఐదు పొదలు, ఒకదానికొకటి బాగా దూరంగా. ఒకే పొద కింద ఐదు చోట్ల తవ్వితే అది ఐదు కాదు, ఒకటే.

ఇప్పుడు లెక్క. పది పొదల వేళ్లు, ఒక్కోదానికి రెండు మార్కర్లు (గుర్తుపట్టడానికి చదివే డీఎన్ఏ ముక్కలు), ఇరవై లైబ్రరీలు. మిగిలిన నాలుగు ఖాళీ కంట్రోళ్లకు. వేరు వేయకుండా డీఎన్ఏ తీసిన ట్యూబులు రెండు, రెండు మార్కర్లతోనూ. ఈ నాలుగూ దండగ అని ఎవరన్నా వినకు. ఇంత తక్కువ జీవం ఉన్న నేలలో కిట్‌లోంచి, గాల్లోంచి వచ్చిన డీఎన్ఏ కూడా పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది. కంటామినేషన్ అన్నవాళ్లకు నీ జవాబు ఆ ఖాళీ ట్యూబులే.

రెండు మార్కర్లు ఎందుకంటే, ఐటీఎస్ దాదాపు అన్ని శిలీంధ్రాలనూ పట్టుకుంటుంది, నీ నల్ల దారాలకు అదే సరైనది. ఎండు గడ్డినేలల్లో వాటిలో చాలావరకు ప్లియోస్పోరేలిస్ వర్గం నుంచి వస్తాయి, చలి ప్రాంతాల్లో హెలోషియేలిస్ వర్గం నుంచి. హంగరీ ఇసుక గడ్డినేలల వేళ్లలో దొరికిన ఒక గుంపుకు 2015లో డార్క్‌సిడియా అని పేరు కూడా పెట్టారు. నీ ఐసొలేట్లు, అంటే ప్లేట్ల మీద పెరిగే నీ నల్ల కాలనీలు, ఏ వైపు ఉంటాయో చూడాలని నాకూ ఆత్రంగా ఉంది. కానీ వ్యామ్ విషయంలో ఐటీఎస్ దగా చేస్తుంది. ఒకే స్పోర్ లోపలే దాని ఐటీఎస్ ఒకటికి నాలుగు రకాలుగా ఉంటుంది, రకాలు ఎక్కడ విడిపోతాయో గీత గీయలేం. మామూలు ఐటీఎస్ ప్రైమర్లతో (ఆ ముక్కను పట్టి కాపీ చేసే చిన్న డీఎన్ఏ తునకలు) వ్యామ్ రీడ్లు, అంటే చదివిన వరసలు, కూడా చాలా తక్కువ వస్తాయి. అందుకే వ్యామ్‌కి రైబోజోమ్ చిన్న సబ్‌యూనిట్ జీన్, అంటే ఎస్ఎస్‌యూ వాడతాం. వచ్చినవాటిని 2010లో ఇక్కడి టార్టూ నుంచే మొదలైన మార్యామ్ డేటాబేస్‌తో పోల్చి చూడు. అక్కడ జాతి పేరు బదులు వర్చువల్ ట్యాక్సన్ నంబరు ఇస్తారు. దేనికీ సరిపోలనిది వస్తే వెంటనే కొత్త జాతి అని రాసేయకు. కొత్త జాతి అనాలంటే స్పోర్ చేతిలో ఉండాలి.

మట్టా వేరా అంటే, వేరునే ఎంచుకో. నీ ప్రశ్న వేరులో బతికేవాటి గురించి. మట్టిలో ఎప్పుడో చచ్చినవాటి డీఎన్ఏ కూడా ఉంటుంది, చలికీ ఎండుదనానికీ అది చాలాకాలం చెడకుండా ఉండిపోతుంది. మీ గైడ్‌కి ఈ ఒక్క ముక్క చెప్పి చూడు.

డీఎన్ఏని కానీ మట్టిని కానీ బయటి దేశానికి పంపే ఆలోచన ఉంటే మాత్రం ముందు నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతి సంగతి తేల్చుకో. 2002 చట్టం ఉంది. తర్వాత తలనొప్పి వద్దు.


కుండీలో_సజ్జ:

మేడం, నేను మీ అంత చదువుకోలేదు. వ్యామ్ తయారు చేసే యూనిట్‌లో పన్నెండేళ్లుగా కుండీలు చూసుకుంటున్నాను. ఒక్క మాట చెప్పాలని రాస్తున్నాను.

మీ మట్టిలో స్పోర్లు తక్కువన్నారు కదా, ట్రాప్ కల్చర్ పెట్టండి. అంటే మట్టిని స్టెరిలైజ్ చేసిన ఇసుకలో కలిపి, దాంట్లో ఒక మొక్కను పెంచి, దాని వేరులోకి శిలీంధ్రాన్ని రప్పించడం. మేం సజ్జ, జొన్న వేస్తాం. మీరు అవి వేయకండి. అక్కడి మట్టిని ఇక్కడ షెడ్‌లో, మన ఎండలో జొన్న వేసి పెడితే పైకి వచ్చేది ఎండకు, జొన్నకు అలవాటుపడే రకమే. చలి రకాలు లోపలే చచ్చిపోతాయి. మాకు ఒకసారి కొండప్రాంతం మట్టి ఇచ్చారు, నాలుగు నెలలు పెంచితే చివరికి ఒకే రకం స్పోర్లు. ఇచ్చినాయన చాలా బాధపడ్డాడు. మీరు బార్లీ వేయండి, గ్రోత్ చాంబర్‌లో చల్లగా పెట్టండి. మట్టిని మొదట నాలుగైదు వారాలు ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచండి. భాస్వరం దాదాపు వేయొద్దు. భాస్వరం దండిగా దొరికితే మొక్క వ్యామ్‌ని పట్టించుకోదు. నాలుగు నెలలయ్యాక నీళ్లు మెల్లమెల్లగా తగ్గించి ఎండనివ్వండి, అప్పుడు స్పోర్లు కడతాయి. మొదటి విడతలో రాకపోతే పారేయకండి, అదే మట్టిలో రెండోసారి విత్తండి. రెండోసారికి వచ్చినవి చాలా చూశాను.

ఇంకోటి. మీరు మంచి మనసుతోనే అయినా, ఇక్కడి వ్యామ్ ప్యాకెట్లు మాత్రం అక్కడి మళ్లలో వేయొద్దు. మా ప్యాకెట్లలో ఉండేవి రైజోఫాగస్, ఫన్నెలిఫార్మిస్ లాంటివి, తేలిగ్గా పెరిగే నాలుగు రకాలు. అక్కడ ఏముందో తెలియకముందే బయటివి తెచ్చి కలిపితే తర్వాత మీరు లెక్కపెట్టేది ఏది ఎవరిదో తెలియదు.


పాతమైక్రోస్కోపు:

కుండీ బాబూ, చాలా మంచి మాట చెప్పావు. ట్రాప్ పెట్టమని నేనే రాద్దామనుకున్నాను, కానీ మన అలవాటులో జొన్నే అనేవాణ్ని. నా తంగేడు గుట్ట మట్టికి జొన్న సరిపోయింది. లద్దాఖ్‌కి నువ్వన్నదే సబబు.


మెట్టసీమ_పిల్ల:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఊరికి వచ్చాను, స్లైడ్ల పెట్టె, కాలేజీలో అడిగి తెచ్చుకున్న మైక్రోస్కోపు కూడా వెంట తెచ్చుకున్నాను.

సార్, జెన్షియన్ చూశాను. నాలుగు స్లైడ్లు మామూలుగానే, ఏమీ లేనట్టే ఉన్నాయి. ఐదోదాంట్లో ఒక ముక్కను కవర్‌స్లిప్‌తో కొంచెం ఎక్కువ నొక్కి, ఫోకస్ చక్రం మెల్లగా తిప్పుతూ కిందికి దిగాను. పైపొరలో ఏమీ లేదు. దాని కింద ఒక కణంలో పలుచటి నీలం చుట్ట. దాని పక్క కణంలో ఇంకోటి. కరెంటు పొయ్యిలో ఉండే కాయిల్‌లా, అమ్మ ఊలు చుట్టి పెట్టినట్టు, దారం తనలో తానే మెలికలు తిరిగి కణం నిండా ఉంది. ఒక కణం నుంచి ఇంకో కణంలోకి గోడ తొలుచుకుని వెళ్తోంది. చెట్టు ఆకారం ఎక్కడా లేదు. నేను రెండేళ్లుగా చెట్టు ఆకారం కోసమే వెతుకుతున్నాను. గాలో అనే శాస్త్రవేత్త 1905లోనే ఈ చుట్టల రకాన్ని పారిస్ రకమని, చెట్టు రకాన్ని ఆరమ్ రకమని విడదీసి రాశాడని మొన్న రాత్రి చదివాను. మొదటి నాలుగు స్లైడ్లూ మళ్లీ పెట్టాను. అన్నింటిలోనూ ఉంది. మూడు పేజీల సున్నాలలో ఒక పేజీ కొట్టేశాను.

మీరు ఎందుకు చెప్పలేదో అర్థమైంది సార్. చెప్పి ఉంటే ఆ చుట్టను నేను ఇంతసేపు చూసేదాన్ని కాదు.

క్రాషెనిన్నికోవియాలో మాత్రం ఎంత వెతికినా నల్ల దారాలే. ఆ సున్నాలు అలాగే ఉంచాను. ప్లేట్లు పెట్టి వచ్చాను. పన్నెండు ముక్కల్లో మూడింటి నుంచి ముదురు బూడిదరంగు కాలనీ మొదలైందని జూనియర్ ఫొటో పంపింది. కడిగిన నీళ్ల ప్లేటు ఇప్పటికి శుభ్రంగానే ఉంది. నెలన్నర ఆగుతాం.

అన్నా, ఎత్తా మొక్కా అన్న మీ మాటకు రెండు రోజులు అన్నం సహించలేదు. కానీ నిజమే. లోయలో కాలువ దాటి గట్టు ఎక్కితే ఆర్టెమిసియా ఉంది, నా ఫొటోల్లోనే వెనక కనిపిస్తోంది. దాన్ని దాటుకుని బార్లీ దగ్గరికి వెళ్లాను, రెండేళ్లూ. గైడ్‌తో మాట్లాడాను. చచ్చినవాటి డీఎన్ఏ అన్న ముక్కకు ఆయన కాసేపు ఆలోచించి, వేళ్లే చెయ్యి అన్నారు. పది పొదలు, రెండు మార్కర్లు, నాలుగు ఖాళీ ట్యూబులు, మీరు చెప్పిన లెక్కే. సెప్టెంబరు మొదటి వారంలో వెళ్తున్నాను, సీజన్ చివర కాబట్టి స్పోర్లకూ అదే మంచిది. ఈసారి ఫ్రిజ్‌ని నమ్మను. డీఎన్ఏకి సన్న వేళ్లు కడిగి సిలికా జెల్‌లో, స్టెయినింగ్‌కి ఇంకో భాగం 50 శాతం ఆల్కహాల్‌లో, అక్కడికక్కడే.

నిన్న నాన్న చేలోంచి ఒక వేరుశనగ మొక్క పీకి తెచ్చారు. ఎప్పుడూ ఆ లద్దాఖ్ వేళ్లేనా, మనవి చూడవా అని. ఈ ఏడు వాన ఆలస్యమై చెట్టు జానెడే ఉంది. వేరు తెల్లగా, సన్నగా ఉంటుంది కాబట్టి తొందరగా తేటపడింది, అమ్మ పచ్చళ్లలో వాడే వెనిగర్‌లో ఫౌంటెన్ పెన్ ఇంకు కలిపి రంగు పట్టించాను. 1998 నుంచి అదీ ఒక పద్ధతే. నాన్న ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశారు. కణం కణానికీ చెట్లు. నాలుగేళ్ల కింద ఎవరో వ్యామ్ అని అంటగడితే డబ్బులు పోసి ప్యాకెట్లు కొన్నారాయన. ఇది ఆ ప్యాకెట్‌లోదా, మన మట్టిలోదా అని అడిగారు. చూసి చెప్పలేను నాన్నా, దానికి డీఎన్ఏ చూడాలి అన్నాను. అయితే గట్టు మీద తంగేడు వేరు కూడా తెస్తాను, దానికి ఎవరూ ప్యాకెట్ వేయలేదు కదా, రెండూ పోల్చు అన్నారు. నాకు ఆ ఆలోచన రాలేదు.

కుండీ అన్నా, ఒక సందేహం. బార్లీ గింజలు కుండీలో ఎంత లోతున వేయాలి? మట్టి ఎంత, ఇసుక ఎంత?


కుండీలో_సజ్జ:

గింజ ఒక అంగుళం లోపే వేయండి మేడం. మీ మట్టి ఒక వంతు, ఇసుక ఒక వంతు, బాగా కలిపి. మట్టి తక్కువగా ఉంటే ఇసుక కింద నింపి, గింజ పడే చోట మాత్రం మీ మట్టిని పొరగా వేయండి, మొలక వేరు దాంట్లోంచే దిగుతుంది. మట్టి వేయని కుండీ ఒకటి తప్పకుండా పక్కన పెట్టండి, అదే ఇసుక, అదే గింజ. దాంట్లో ఏమీ రాకూడదు. మీ నాన్నగారి తంగేడు మట్టి కొంచెం ఎక్కువ తెప్పించి పెట్టుకోండి, దానికి జొన్న వేద్దాం.